పాకాల పూర్ణ ఎక్కిన ఏడు కొండలు

ఏడు కొండలు అనగానే మనకు తిరుమల గుర్తుకొస్తుంది, చేతులు వాటంతటవే జోడిస్తాం. ఈ పూట నేను చెప్పబోయే ఏడు కొండలు వేరు. ఖండానికొకటి చొప్పున ప్రపంచమంతా పరుచుకుని ఉన్నాయి. ఆ ఏడూ ఎక్కి వచ్చింది మన నిజామాబాదు జిల్లా అమ్మాయి, మాలావత్ పూర్ణ.

మంచు ఆటల్లో పేరు తెచ్చుకున్నవాళ్ళు మామూలుగా మంచు దేశాల్లో పుట్టినవాళ్ళే అయి ఉంటారు. ఫిన్లాండు దేశంలో మార్యా లీసా హమలైనెన్ అని ఒకావిడ ఉంది. కాళ్ళకి స్కీ బద్దలు కట్టుకుని మైళ్ళకి మైళ్ళు మంచు మీద జారుతూ పరుగెత్తే పందెంలో ఆవిడ మేటి. 1976 నుంచి 1994 దాకా ఆరు ఒలింపిక్స్‌లో పాల్గొంది. మొదటి రెండింటిలో పతకం అన్నదే లేదు. 1984లో సారయేవోలో మాత్రం 5, 10, 20 కిలోమీటర్ల పందేలు మూడూ ఆవిడవే. తల్లి అయ్యాక కూడా మానలేదు. 38 ఏళ్ళ వయసులో చివరి ఒలింపిక్స్‌లో రెండు కంచు పతకాలు పట్టుకుపోయింది. గొప్పే, కాదనను. కానీ ఆ దేశంలో పిల్లలు మన పిల్లలు సైకిలు నేర్చుకున్నట్టు స్కీ నేర్చుకుంటారు. గుమ్మం దిగితే మంచే కదా! మరి ఎండాకాలం కుండలో నీళ్ళు కూడా వేడెక్కిపోయే ఊళ్ళో పుట్టిన పిల్ల సంగతేమిటి?

పూర్ణ 2000 సంవత్సరంలో సిరికొండ మండలం పాకాలలో పుట్టింది. లంబాడా కుటుంబం. అమ్మానాన్నలు లక్ష్మి, దేవీదాస్. పొలం పనే వాళ్ళకి ఆధారం. పిల్ల తాడ్వాయిలోని సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చేరి చదువుకుంది. అక్కడ హాస్టలు, బడి, భోజనం అన్నీ సర్కారువే. ఆ గురుకులాలకి అప్పట్లో కార్యదర్శిగా ఉన్న ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ అనే పోలీసు అధికారికి, ఈ పిల్లల చేత కొండలెక్కిస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చింది. కొండ ఎక్కడం నేర్పడానికి భువనగిరి తీసుకెళ్ళారు. మన హైదరాబాదుకి 50 కిలోమీటర్లు కూడా ఉండదు. రైల్లో వరంగల్ వెళ్ళేటప్పుడు కిటికీలోంచి కనిపిస్తుందే, బోర్లించిన పెద్ద మూకుడులాంటి ఏకశిల, అదే. గురువు శేఖర్ బాబు బచినేపల్లి. ఆ కొండని మొదట చూసినప్పుడు కాళ్ళు వణికాయని పూర్ణ తర్వాత చెప్పింది. సాయంత్రానికి ఆ వణుకు పోయిందట.

అక్కడ బాగా ఎక్కినవాళ్ళని ఏరి డార్జిలింగులో పర్వతారోహణ నేర్పే సంస్థకి పంపారు. అక్కడినుంచి ఇంకా కొద్దిమందిని ఏరి లడఖ్‌కి, అదీ నడి చలికాలంలో. చివరికి మిగిలింది ఇద్దరే. పూర్ణ, ఖమ్మం జిల్లా కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్. మొదట ఇంట్లో ఒప్పుకోలేదు. ఒక్కగానొక్క కూతుర్ని అంత దూరం, అంత ఎత్తుకి పంపమంటే ఏ తల్లి సరేనంటుంది చెప్పండి? అధికారులు వెళ్ళి నచ్చచెప్పాల్సి వచ్చింది.

ఎవరెస్టుకి దారులు ముఖ్యంగా రెండు. నేపాల్ వైపు నుంచి ఒకటి, టిబెట్ వైపు నుంచి ఇంకొకటి. నేపాల్ వాళ్ళు 16 ఏళ్ళు నిండనివాళ్ళకి అనుమతి ఇవ్వరు. పూర్ణకి 14 కూడా నిండలేదు. అందుకని టిబెట్ వైపు నుంచి బయల్దేరారు. ఆ వైపు గాలి ఎక్కువ, చలి ఎక్కువ. ఆ యాత్ర తొలి రోజుల్లోనే, 2014 ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచు చరియలు విరిగిపడి 16 మంది నేపాలీ పనివాళ్ళు చనిపోయారు. బరువులు మోసేది, తాళ్ళు కట్టి దారి వేసేది, నిచ్చెనలు పెట్టేది వాళ్ళే. మా బేగంబజార్లో తెల్లారకముందే బస్తాలు వీపున వేసుకుని సందుల్లో నడిచే హమాలీలని చూస్తే నాకు వాళ్ళు గుర్తొస్తారు. సరుకు ఎవరి పేరున అమ్ముడుపోయినా బరువు మోసిన వీపు వేరే ఉంటుంది కదా.

ఇప్పుడు కాస్త వంటింటి సంగతి చెబుతాను, అప్పుడు ఆ ఎత్తు ఎంతో మీకు తెలుస్తుంది. సముద్రం ఒడ్డున నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. మన హైదరాబాదు 500 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ 98 దగ్గరే మరిగిపోతాయి. ఎవరెస్టు ఎత్తు 8,848 మీటర్లు. ఆ శిఖరం మీద నీళ్ళు 70 డిగ్రీలకి కాస్త అటూ ఇటూగా మరిగిపోతాయి. గిన్నెలో బుడగలు తెగ లేస్తుంటాయి కానీ పప్పు మాత్రం గంటసేపు ఉంచినా బద్దలు బద్దలుగానే ఉంటుంది. కారణం గాలి. పైకి పోయేకొద్దీ మన మీద గాలి బరువు తగ్గిపోతుంది, ఆ బరువు తగ్గితే నీళ్ళు తొందరగా మరుగుతాయి. కుక్కరు చేసే పని దీనికి తిరగేసింది. ఆవిరిని బయటికి పోనివ్వకుండా ఒత్తిడి పెంచి 120 డిగ్రీల దాకా వేడెక్కిస్తుంది. కొండల మీద శిబిరాల్లో వంటవాళ్ళు కుక్కరు మోసుకెళ్ళేది అందుకే. మా వీధిలో గిన్నెల దుకాణం ముందు దొంతర్లుగా పేర్చిన కుక్కర్లని చూసినప్పుడు దాని విలువ మనకి తోచదు.

పప్పుకి తక్కువైన గాలి మనిషికీ తక్కువే. శిఖరం మీద ఒక్కసారి ఊపిరి తీస్తే ఇక్కడ దొరికే ప్రాణవాయువులో సుమారు మూడో వంతు దొరుకుతుంది. అందుకని ఒక్కసారిగా ఎక్కిపోకూడదు. కొంత ఎక్కి దిగాలి, మళ్ళీ ఇంకొంత ఎక్కి దిగాలి. ఒళ్ళు ఆ గాలికి అలవాటు పడి రక్తంలో ఎర్రకణాలు పెంచుకునేదాకా ఓపిక పట్టాలి. తొందరపడితే తలపోటు, వాంతులు, ఇంకా ముదిరితే ఊపిరితిత్తుల్లోనో మెదడులోనో నీరు చేరుతుంది. 8,000 మీటర్లు దాటాక ఒళ్ళు ఎంతకాలమున్నా అలవాటు పడదు, రోజురోజుకీ క్షీణించడమే. సిలిండరు లేకుండా అక్కడికి వెళ్ళేవాళ్ళు చాలా అరుదు. పూర్ణ యాత్రకి మొత్తం 52 రోజులు పట్టడానికి కారణం ఇదే. నడక కంటే ఈ ఎదురుచూపే కష్టమని కొండలెక్కేవాళ్ళు అంటారు. పాకెట్ల తిండి వాసన ఆ పిల్లకి పడలేదట. పోయినవాళ్ళని కిందికి దింపడం సాధ్యం కాక శవాలు అక్కడే వదిలేస్తారు, వాటిని దాటుకుంటూ వెళ్ళడం మరీ భయమేసిందని చెప్పింది.

2014 మే 25 ఉదయం పూర్ణ శిఖరం మీద నిలబడింది. వయసు 13 ఏళ్ళ 11 నెలలు. ఎవరెస్టు ఎక్కిన ఆడపిల్లల్లో అంత చిన్నది అంతకుముందు లేదు. ఆనంద్ కూడా ఎక్కాడు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడటానికి అప్పటికి ఇంకో వారం ఉంది. రెండు రాష్ట్రాలూ మా పిల్లే అన్నాయి, అందులో తప్పేముంది!

ఇంత చెప్పినా మా పక్కింటి వదినగారు ఒక మాట అడిగారు. "పదమూడేళ్ళ పిల్లని ప్రాణాల మీదకి పంపడం న్యాయమా?" అని. కొట్టిపారేసే ప్రశ్న కాదిది. ఆ రోజుల్లో చాలామంది అడిగారు, నేపాల్ వాళ్ళు వయసు కట్టడి పెట్టిందీ అందుకే. నన్నడిగితే, నా కూతురైతే నేను పంపి ఉండేదాన్ని కాదు. కానీ ఇంకో సంగతి కూడా ఆలోచించాలి. పదమూడేళ్ళకే పెళ్ళి చేసి పంపేసేటప్పుడు, కూలికి పంపేటప్పుడు ప్రాణాల లెక్క ఎవరూ అడగరు. ఈ పిల్లని పంపినవాళ్ళు నెలల తరబడి నేర్పి, వైద్యులకి చూపించి, తోడు మనుషుల్నిచ్చి పంపారు. పిల్ల కూడా వెళతానంది. నా భయం నాకుంది, ఆ పిల్ల ధైర్యం ఆ పిల్లకుంది. రెండూ ఒక తక్కెడలో తూగవు.

చాలామంది ఎవరెస్టుతోనే పూర్ణ కథ అయిపోయిందనుకుంటారు. 2017లో రాహుల్ బోస్ తీసిన హిందీ సినిమా కూడా అక్కడికే ఆగుతుంది. నాకు మాత్రం తర్వాతి ఎనిమిదేళ్ళే ఎక్కువ ఆశ్చర్యంగా ఉంటాయి. చిన్న వయసులో పేరొచ్చినవాళ్ళు ఆ ఒక్క ఫోటోతో జీవితమంతా గడిపేయొచ్చు. ఈ అమ్మాయి ఒక పక్క చదువుకుంటూనే 2016లో ఆఫ్రికాలో కిలిమంజారో, 2017లో రష్యాలో ఎల్‌బ్రూస్ ఎక్కింది. 2019లో ఒక్క ఏడాదిలోనే మూడు. దక్షిణ అమెరికాలో అకొంకాగువా, ఇండోనేషియాలో కార్స్‌టెన్స్ పిరమిడ్, డిసెంబరులో అంటార్కిటికాలో విన్సన్. ఆ డిసెంబరు నెలలో అక్కడ సూర్యుడు అస్తమించడు, అర్ధరాత్రి కూడా ఎండే.

ఇలా ఏడూ ఎక్కిన మొదటి స్త్రీ జపాను ఆవిడ, జుంకో తాబే. 1975లో ఎవరెస్టు ఎక్కిన మొదటి మహిళ కూడా ఆవిడే. అప్పటికి ఆవిడకి మూడేళ్ళ కూతురు. పియానో పాఠాలు చెప్పి ఖర్చులకి కూడబెట్టుకుందట. 1992కి ఏడూ పూర్తి చేసింది.

పూర్ణకి మిగిలింది ఉత్తర అమెరికాలోని డెనాలి ఒక్కటే. 2020లో కరోనా వచ్చి ఆ కొండని ఆ ఏడాది మూసేశారు. 2022 జూన్‌లో ఎక్కింది. ఎత్తు 6,190 మీటర్లే అయినా అక్కడ మోసిపెట్టే షెర్పాలు ఉండరు. గుడారం, తిండి, పొయ్యి, నూనె, అన్నీ ఎవరివి వాళ్ళే వీపున కొంత వేసుకుని, మిగతాది చక్రాల్లేని జారుడు బండి మీద పెట్టి, తాడు నడుముకి కట్టుకుని మంచు మీద లాక్కుపోవాలి. స్కీలు కట్టుకుని లాగేవాళ్ళూ ఉంటారు. పాకాల పిల్ల ఆ బండి లాక్కుంటూ వెళ్ళి ఏడో కొండ ఎక్కి దిగింది.

భువనగిరి కొండ మీది కోటకి మెట్లున్నాయి, మామూలువాళ్ళూ ఎక్కొచ్చు. కొండ ఎక్కడం నేర్పే బడి కూడా అక్కడ ఉంది. సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్ళాలనుకుంటే పొద్దున్నే బయల్దేరండి. పదిగంటలు దాటితే ఆ బండ పెనంలా కాలుతుంది. పైన నీళ్ళు దొరుకుతాయని నమ్మకండి, సీసాలు నింపి తీసుకెళ్ళండి.