నలభై ఏళ్లయినా పెట్రోలు అయిపోని 'రోడ్ ఫైటర్'

పెనుగంచిప్రోలు, జగ్గయ్యపేట, నందిగామ వైపు 1990ల్లో పెరిగినవాళ్లలో చాలామందికి 'కార్ల గేమ్' అంటే ఒకటే గుర్తొస్తుంది. టీవీకి తగిలించిన ప్లాస్టిక్ డబ్బా, అందులో గుచ్చిన క్యాసెట్, తెర మీద పైకి దూసుకుపోయే చిన్న కారు. ఈదీ డబ్బులు దాచుకుని క్యాసెట్ కొన్నవాళ్లు, సెలవులకు ఖాలా ఇంటికెళ్లి ఆడినవాళ్లు ఇప్పుడు తామే అమ్మీ, అబ్బా అయ్యారు. ఆ ఆట పేరు రోడ్ ఫైటర్.

జపాన్‌కు చెందిన కోనామి కంపెనీ దీన్ని 1984లో తెచ్చింది. మరుసటి ఏడాది నింటెండో వాళ్ల ఫామికామ్ మెషీన్‌కు మార్చింది. మన ఊళ్లకు వచ్చింది ఆ అసలు మెషీన్ కాదు, దాని నకళ్లు. మీడియా, సమురాయ్ లాంటి పేర్లతో అమ్మేవారు. ఆట సైజు 50 కిలోబైట్లు కూడా లేదు, ఇప్పుడు వాట్సాప్‌లో వచ్చే ఒక ఫొటో కంటే తక్కువ. అందుకే ఒకే క్యాసెట్‌లో చాలా ఆటలు పెట్టేవాళ్లు దీన్ని వదల్లేదు. '9999999 ఇన్ వన్' అని పైన రాసి ఉన్నా లోపల ఉండేవి కొద్దిపాటి ఆటలే, వాటినే తిప్పి తిప్పి చూపించేవారు. ఆ మోసం తెలిసినా ఎవరూ పెద్దగా బాధపడలేదు, కార్ల గేమ్ ఉంటే చాలు!

ఆటలో అసలు కిటుకు పెట్రోలు. మిగతా రేసుల్లో వెనక పోటీదారుడుంటాడు, ఇక్కడ తరిగిపోయే ట్యాంకే పోటీ. ఒక బటన్ నొక్కితే నెమ్మదిగా పోతుంది, ఇంకోటి నొక్కితే 400 కిలోమీటర్ల స్పీడు అందుకుంటుంది. నెమ్మదిగా పోతే గమ్యం చేరేలోపే పెట్రోలు అయిపోతుంది. జోరుగా పోతే ఎదురుగా కారో లారీయో. కారును రాసుకుంటే బండి జారుతుంది, అప్పుడు చెయ్యి తిప్పుకోగలిగితే బతికినట్టే. రోడ్డు అంచుకు తగిలితే పేలిపోతుంది. మళ్లీ మొదలుపెట్టేసరికి పెట్రోలు కొంత పోయి ఉంటుంది. మధ్యలో రంగులు మారుతూ మెరిసే కారు వస్తుంది, దాన్ని మాత్రం గుద్దాలి, పెట్రోలు దొరుకుతుంది. నేర్చుకోవడానికి ఒక్క నిమిషం చాలు, చేతికి పట్టు రావడానికి నెలలు పడుతుంది.

ఓడితే తప్పు ఎవరిదో ఆడేవాడికి వెంటనే తెలుస్తుంది. "లారీని చూసుకోలేదు", అంతే. డబ్బు పెడితే కారు బలం పెరగడం అనేది లేదు. ఇప్పటి ఫోన్ రేసుల్లో చాలావాటికి అంతం ఉండదు. రోజూ బహుమతి తీసుకొమ్మని పిలుస్తాయి, నాణేలు కొనమంటాయి, పిల్లాడు ఆపాలనుకున్నా ఆపనివ్వవు. రోడ్ ఫైటర్ ఒక ఆట కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది. అసర్ తర్వాత రెండాటలు ఆడి మగ్రిబ్ అజాన్‌కు లేవమని పిల్లాడికి చెప్పడం సులువు. ఆటల విషయంలో ఉలమాల అభిప్రాయాలు వేర్వేరుగా ఉండొచ్చు గానీ, నమాజును మరిపించేది, జూదం కలిసేది తగదన్న దగ్గర తేడా లేదు. పందెం డబ్బుల ఆన్‌లైన్ ఆటలను 2025లో కేంద్రం చట్టం చేసి నిషేధించింది కూడా.

ఇంకొకటి, ఇందులో ఒకరే ఆడాలి. అది లోపమే అనిపిస్తుంది గానీ, దానివల్లే "నా బారీ" అంటూ భయ్యా, ఆపా, చిన్నోడు వరుస కట్టేవారు. పక్కన కూర్చున్నవాళ్లు "లారీ, లారీ!" అని అరిచేవారు. ఆ అరుపుల్లోనే సగం ఆట ఉండేది. ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఆడే పిల్లలకు అది కొత్త.

పిల్లలకు చూపించాలనుకుంటే '400 ఇన్ వన్' పేరుతో చేతిలో పట్టేంత మెషీన్లు దొరుకుతున్నాయి. కొనేముందు ఆన్ చేయించి లిస్టులో రోడ్ ఫైటర్ ఉందో లేదో చూడాలి, అన్నిట్లో ఒకే ఆటలు ఉండవు. టీవీకి పెట్టే రకమైతే ఇంట్లో టీవీకి ఆ పసుపు పిన్ను దూరే చోటు ఉందా అన్నదీ చూసుకోవాలి. కొత్త టీవీలు చాలావాటికి అది లేదు. ఫోన్‌లో దింపుకునే నకళ్లలోనైతే ఆట కంటే ప్రకటనలే ఎక్కువ.