పత్తికి ముసురు తెచ్చే నల్లమచ్చ



దీపానికి వత్తి చేసుకునేటప్పుడు మన చేతిలో పత్తి తెల్లగానే ఉంటుంది. చేలో ఉన్నప్పుడు దానికి వచ్చే ఒక జబ్బు గురించి ఈవేళ చెప్పుకుందాం.

బోధన్ అనగానే చెరుకే గుర్తొస్తుంది. అది దాటి మద్నూరు వైపు వెళితే నల్లరేగడిలో పత్తి కనబడుతుంది. మా తమ్ముడి చేను అటువైపే. ఒక శ్రావణంలో వెళ్లాను. వారం నుంచి ఒకటే ముసురు. మా మరదలు ఒక ఆకు తెంపి, "వదినె, ఈ వాన మా కొంప ముంచింది" అంది. వెలుతురుకు పట్టి చూస్తే నూనె చుక్కల్లాంటి మచ్చలు. గుండ్రంగా లేవు, ఈనెల మధ్య మూలలు తేలి ఉన్నాయి. తరువాత అవే నల్లబడతాయి. అందుకే దీన్ని నల్లమచ్చ తెగులు అంటారు.

దీనికి కారణం బాక్టీరియా. అది వానతో ఊడిపడదు. విత్తనంలో, దాని మీది నూగులో, నిరుటి పత్తికట్టెల్లో ముందే దాగి ఉంటుంది. సుమారు 28–30 డిగ్రీల వేడి, గాలిలో బాగా తేమ, ఆకు మీద తడి కలిసి వస్తే విజృంభిస్తుంది. ఆకుకుండే సన్నని రంధ్రాల గుండా లోపలికి దూరుతుంది. గాలివానకు చినుకులు చిట్లి పక్క మొక్క మీద పడతాయి. ఆకులు రాసుకుని గాయాలవుతాయి. ఇక జబ్బు పాకడానికి దారి దొరికినట్టే. ఎండ కాస్తే నెమ్మదిస్తుంది, మళ్లీ ముసురు పడితే మొదలు. కాయకు సోకితే లోపలి దూది రంగు మారుతుంది. ఆ ఏడు మావాళ్లకు ధర పలకలేదు. పిల్ల ఫీజుకు మా మరదలు గాజులు కుదువ పెట్టింది.

పొయ్యిలోకని నిరుటి కట్టెలు చేను గట్టునే పేర్చుకున్నారు. వాటిలో జబ్బు ఉండొచ్చని పాపం ఆమెకు ఎవరు చెప్పారు?

మీ పుట్టింట్లోనో అత్తింట్లోనో పత్తి వేస్తే ఈ నాలుగు మాటలు చెప్పండి. నూగు తీసి శుద్ధిచేసిన విత్తనమే కొనాలి. పాత కట్టెలు వానలకు ముందే చేను నుంచి తీసేయాలి. మొక్కల మధ్య గాలి ఆడాలి, యూరియా అతిగా వేయకూడదు. ఆకులు తడిగా ఉండగా కలుపుకు దిగితే చేతులకూ చీరలకూ అంటుకుని జబ్బు సాలు సాలుకూ పాకుతుంది. తడి ఆరేదాకా ఆగాలి. మచ్చలు కనబడగానే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి చల్లాలి. ఏ మందైనా వ్యవసాయాధికారిని అడిగే వాడాలి.

మరుసటి ఏడు మా మరదలు కట్టెల మోపులు ఇంటి వెనక పందిరి కిందికి మార్పించింది. ముసురు మాత్రం ఎప్పటిలాగే పట్టింది. మచ్చలు అక్కడక్కడే కనబడ్డాయట. సెలవు.