ఇంటి తాళము, ఇంటి గుట్టు

తిరుమలలో శ్రీవారి ఆలయములోనికి సెల్‌ఫోను తీసికొనిపోరాదు. దర్శనమునకు పోవు యాత్రికుడు దానిని ముందుగనే కౌంటరులో అప్పగించి రసీదు పుచ్చుకొనును. రద్దీ దినములలో సర్వదర్శనమునకు 20 గంటలు పైబడుటయు కలదు. బ్యాంకు ఖాతా, కుటుంబపు ఛాయాచిత్రములు, సొంత ఉత్తరములు అన్నియు ఇమిడిన ఆ పరికరము అంతసేపును యజమాని చేతిలో ఉండదు. కౌంటరువారిని శంకించుట నా ఉద్దేశము కాదు. మరమ్మతు దుకాణములో విడిచినను, బస్సులో మరచినను స్థితి ఇదియే. అప్పుడు దానిని కాపాడునది ఏది?

ఇది భద్రతకు సంబంధించిన ప్రశ్న. గోప్యత మరియొకటి. మన రేడియో మనకు వినిపించును గాని మన సంగతులు ఎవ్వరికిని చేరవేయదు. సెల్‌ఫోను అట్లు కాదు. కనుమదారిలో జేబులోనే యుండి, మనమెచట నున్నదియు, ఏమి వెదకినదియు గూగుల్ వంటి సంస్థలకు తెలుపుచుండవచ్చును. దొంగ లోనికి వచ్చుట వేరు, ఇంటిలోనివాడే గుట్టు బయటపెట్టుట వేరు. రెండవదానికి ఎంత గట్టి తాళమైనను పనిచేయదు.

ఆండ్రాయిడ్ ఆపరేటింగ్ సిస్టమ్ యొక్క మూలభాగము ఎల్లరకు బహిరంగముగ లభించును. దానిని గ్రహించి, గూగుల్ సేవలను తొలగించి, కొందరు వేరు సిస్టములు నిర్మించిరి. సైనోజెన్‌మాడ్ మూతపడగా 2016 డిసెంబరులో లీనియేజ్ ఓఎస్ వెలసినది. తిరుపతికి దాపుననున్న మద్రాసు ఐ.ఐ.టి.లో అంకురించిన భార్ ఓఎస్ 2023 జనవరిలో వెల్లడియైనది. అందు ముందుగా ఏ యాప్‌లును ఉండవు. కావలసినవానిని యజమానియే చేర్చుకొనవలెను.

గుట్టు దాచుటకు ఇవి ఉపకరించును. అయితే ఒక చిక్కు కలదు. ఫోను మేల్కొనగనే మొదట నడచునది బూట్‌లోడరు. తరువాత రావలసిన సిస్టమ్ అసలైనదా, మార్చబడినదా అని పరీక్షించు ద్వారపాలకుడది. లీనియేజ్ వంటివి స్థాపించుటకు దాని తాళము తీయవలెను. పెక్కు ఫోనులలో తీసిన తాళము తీసినట్లే ఉండిపోవును. అట్టి ఫోను పరుల చేతబడినచో, వారు సిస్టమునే మార్చి తిరిగి ఇయ్యగలరు. యజమాని ఏమియు నెరుగక తన సంకేతపదమును ఆ మారు సిస్టమునకే అందించును. గూగుల్ నుండి తప్పించుకొని దొంగకు దారి చూపుట యన్న నిదియే!

ఈ లోపమును ఎరిగి నిర్మించినది గ్రాఫీన్ ఓఎస్. స్థాపించిన పిదప బూట్‌లోడరును మరల బంధింపవచ్చును. తాళము వేసిన ఫోనును 18 గంటలవరకు ఎవ్వరును తెరువనిచో అది తనంతట తానే ఆగి మరల మొదలగును. అప్పుడు సంకేతపదము తిరిగి ఇచ్చువరకు లోపలి సమాచారపు తాళపుచెవులు జ్ఞాపకమందుండవు. కాని ఇది చిరకాలము గూగుల్ వారి పిక్సెల్ ఫోనులపైననే నడచినది. గూగుల్‌నుండి దూరమగుటకు గూగుల్ ఫోనునే కొనవలసివచ్చుట విడ్డూరమే. అదిగాక కొన్ని బ్యాంకు యాప్‌లు ఇట్టి సిస్టములపై నడుచుటకు నిరాకరించును.

ఏ సిస్టమును మాన్పలేని సంగతులును కలవు. ఏ టవరు క్రింద నున్నదియు టెలిఫోను సంస్థకు తెలియును. 2023 మార్చిలో తిరుమలలో టోకెనుకును, వసతికిని ముఖ గుర్తింపు ప్రవేశపెట్టబడినది. ఫోను ఏదైనను ముఖము మనదే కదా. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించినది. అట్టి చిత్రములను గూర్చిన ప్రశ్నలు చట్టమునకు చెందినవి, ఫోనుకు కావు.

తయారీదారు సవరణలు పంపుట మానిన పాత ఫోనులో బ్యాంకు వ్యవహారము ఉంచరాదని నా అభిప్రాయము. క్రొత్త సిస్టమ్ వేసినను, ఆ ఫోను తయారీదారు మాత్రమే దిద్దగల లోపములు కొన్ని మిగిలియే యుండును. సామాన్య గృహస్థునకు, సవరణలు సక్రమముగ వచ్చు మామూలు ఫోనే మేలు. ఏ యాప్‌నకు స్థలము, మైకు, కెమెరా అనుమతించితిమో చూచి, అక్కరలేనివి తీసివేయవచ్చును. కౌంటరులో అప్పగించుటకు ముందు మాత్రము ఫోనును పూర్తిగా ఆపివేయవలెను. గ్రాఫీన్ 18 గంటలకు చేయు పనిని యాత్రికుడు తన వ్రేలితో అప్పుడే చేసినట్లగును.