అర మిల్లీగ్రాము... 14 నెలలు

అక్క కూతురి పెళ్లికి హైదరాబాద్ వెళ్తూ పట్టుచీరలు, నగలు, ఆఖరికి పిన్నీసులు కూడా గుర్తుపెట్టుకుని సర్దుకున్నాను. మాత్రల స్ట్రిప్పు మాత్రం రాజమండ్రిలో, మంచం పక్క సొరుగులోనే ఉండిపోయింది.

మొదటి రాత్రి నిద్ర పట్టలేదు. పెళ్లి హడావుడి కదా అనుకున్నాను. రెండో రోజుకి చేతులు వణకడం మొదలైంది. అరికాళ్లలో చీమలు పాకుతున్నట్టు ఒకటే జివజివ. సన్నాయి, డోలు చెవి పక్కనే సుత్తితో కొడుతున్నట్టు వినిపించాయి. అక్షింతలు వేయడానికి లేచినదాన్ని, గుండె దడకి స్తంభం పట్టుకుని నిలబడిపోయాను. "ఏమైందే, బీపీ గానీ పడిపోయిందా?" అని అక్క కంగారుపడింది. "ఎండకే అక్కా" అన్నాను.

నిజం చెప్పలేదు. 9 ఏళ్లుగా ఎవరికీ చెప్పలేదు. మా వారికి కూడా అది బీపీ మాత్రే.

దాని పేరు ఆల్ప్రాజోలం. రాత్రిపూట అర మిల్లీగ్రాము. నాన్న పోయిన ఏడాది, అర్ధరాత్రి ఊపిరాడనట్టయి లేచి కూర్చునేదాన్ని. డాక్టరుగారు 15 రోజులకి రాశారు. ఆ 15 రోజులూ నిజంగానే ప్రాణం లేచొచ్చింది. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. పాత చీటీ చూపిస్తే మందుల షాపులో ఇచ్చేవారు. కొన్నాళ్లకి చీటీ అడగడం కూడా మానేశారు, టీచరమ్మని కదా! నిజానికి ఇది షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ లేకుండా అమ్మకూడదు. కొన్నవారి పేరు, రాసిన డాక్టరు పేరు రిజిస్టరులో ఎక్కించి 3 ఏళ్లు దాచాలి. నా పేరు ఏ రిజిస్టరులోనూ ఉండి ఉండదు. తప్పంతా వాళ్లదే అనను. చెయ్యి చాచింది నేను.

పెళ్లి నుంచి ఇంటికొచ్చి మాత్ర వేసుకున్న గంటకల్లా వణుకు, దడ అన్నీ సర్దుకున్నాయి. నాకు అసలు భయం వేసింది అప్పుడే. పట్టుదలకి పోయి సగం మాత్రకి దిగాను. నాలుగో రోజుకి నరకం కనిపించింది. ఇక తప్పక మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్లాను, ఆటో వీధి చివరే ఆపించి, కొంగు తలమీద కప్పుకుని మరీ.

"నా పాత జబ్బు తిరగబెట్టింది మేడమ్" అన్నాను. నాకంటే పదేళ్లు చిన్నావిడ. "మీకు పాత జబ్బు రాలేదమ్మా. మందు అందక మీ ఒళ్లు గోల పెడుతోంది. పాత రోజుల్లో అరికాళ్ల జివజివ ఉందా? చప్పుళ్లు భరించలేకపోవడం ఉందా?" అని అడిగారు. లేవు. ఈ 9 ఏళ్లలో ఆ తేడా నాకు తెలియకే, ఎప్పుడు మానబోయినా "నాకింకా తగ్గలేదు" అనుకుని మళ్లీ వేసుకున్నాను.

మెదడులో గాబా అనే రసాయనం బండికి బ్రేకులాంటిదట. ఈ మాత్ర ఆ బ్రేకుని గట్టిగా పట్టేలా చేస్తుంది. ఏళ్ల తరబడి వేసుకుంటే మెదడు తన సొంత బ్రేకుని వదులు చేసుకుంటుంది. మాత్ర ఒక్కసారిగా ఆపితే పల్లంలో బ్రేకు లేని బండే. కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు దుకాణాలు మూయించినప్పుడు, నిజామాబాద్ లాంటి జిల్లాల్లో ఎంతోమంది వణుకుతో, మతి తప్పి ఆసుపత్రుల పాలయ్యారు. ఆ కల్లులో కలిపేవాటిల్లో ఆల్ప్రాజోలం ఒకటి. అప్పట్లో టీవీ చూస్తూ "తాగుబోతులు" అని విసుక్కున్నాను. వాళ్లకి తెలియకుండా తాగించారు. నేను ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్లి కొనుక్కున్నాను.

మేడమ్ గారు నా మాత్రని డయజెపామ్‌కి మార్చారు. అది ఒంట్లోంచి నెమ్మదిగా దిగుతుంది కాబట్టి కుదుపు తక్కువ. ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో ప్రొఫెసర్ హెదర్ ఆష్టన్ 1982 నుంచి 1994 దాకా ఇలాంటి వారి కోసమే క్లినిక్ నడిపి, రాసిపెట్టిన పద్ధతి ఇది. 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మూడు వారాలకోసారి ఒక మిల్లీగ్రాము తగ్గించాం. 5 దగ్గర్నుంచి అరేసి. 2 మిల్లీగ్రాముల మాత్రని కట్టర్‌తో నాలుగు ముక్కలు చేసేదాన్ని. ఈ లెక్క నాది. మీ లెక్క మీ డాక్టరే వేయాలి, దయచేసి నాది చూసి మొదలుపెట్టకండి.

తగ్గించిన ప్రతిసారీ నాలుగైదు రోజులు గడ్డుగా ఉండేవి. మిక్సీ వేస్తే ఏడుపొచ్చేది. క్లాసులో పిల్లల పేర్లు తట్టేవి కావు. చచ్చిపోయినవాళ్లంతా కలల్లోకి వచ్చేవారు. ఇక దాచలేక ఒక రాత్రి మా వారికి చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే నీకు బీపీ లేదన్నమాట" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మర్నాటి నుంచి మిక్సీ ఆయనే వేశారు, నేను పెరట్లో ఉన్నప్పుడు. మధ్యాహ్నం తర్వాత కాఫీ ఇద్దరం మానేశాం. సాయంత్రం గోదావరి గట్టు మీద నడక.

3 మిల్లీగ్రాముల దగ్గర ఉండగా అమ్మకి తుంటి విరిగింది. ఆసుపత్రి కారిడార్లో నిలబడి "మళ్లీ పాత డోసుకి వెళ్లిపోనా?" అని ఫోన్ చేశాను. "పెంచొద్దు, తగ్గించొద్దు. అక్కడే ఆగండి" అన్నారు మేడమ్. రెండు నెలలు అక్కడే ఆగాను. ఆగొచ్చని తెలియడమే నాకు సగం బలం. అమెరికా వైద్య సంఘాలు 2025లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా మొదట 5 నుంచి 10 శాతం చొప్పునే, రెండు నుంచి నాలుగు వారాలకోసారి తగ్గించమంటున్నాయి. మనిషిని బట్టి ఆగమంటున్నాయి.

ఆఖరి ముక్కకే ఎక్కువ వణికాను. గోరంత లేదు. అయినా దాన్ని వదలడానికి నెల పట్టింది.

డాక్టరు దగ్గరికి వెళ్లడానికి మొహమాటపడేవాళ్లు ముందు 14416కి ఫోన్ చేయొచ్చు. అది ప్రభుత్వం వారి టెలి మానస్. తెలుగులో మాట్లాడతారు, డబ్బులుండవు. నాకు అప్పట్లో తెలియదు.

మానేసి ఇప్పటికి 7 నెలలు. నెలకి రెండు మూడు రాత్రులు ఇప్పటికీ నిద్ర రాదు. అప్పుడు లేచి హాల్లో కూర్చుని, పిల్లల కాంపోజిషన్ పుస్తకాలు దిద్దుకుంటాను. మొన్న అక్క ఫోన్ చేసి "బీపీ ఎలా ఉందే?" అంది. తనకి ఇంకా చెప్పలేదు. సంక్రాంతికి వస్తుంది కదా, అప్పుడు చెప్తాను.