ప్రకృతిచిత్రము: విశేషణ విశేష్య విచారము

కొండలు, ఏఱులు, చెట్లు, పొలములు, ఆకాశము - వీనినే విషయముగాఁ గొని, నాయకుఁడును గథయు లేకుండ వ్రాయఁబడు చిత్రమునకుఁ బ్రకృతిచిత్రమని పేరు. ఇట్టి చిత్రమును మొదటిసారి చూచినవాఁడు “ఇం దెవ్వరున్నారు?” అని యడుగుట కలదు. ఎవ్వరును లేరని చెప్పినచో “అట్లయిన నిందేమున్నది?” అని మఱల నడుగును. మొదటి ప్రశ్న సులభము. రెండవదానికి సమాధానము విచారింపఁదగినది.

ఈ ప్రశ్నకు జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములయం దొక విశేషము గలదు. 2022వ సంవత్సరమువఱకుఁ గృష్ణాజిల్లాలోను, నాఁటినుండి ఎన్.టి.ఆర్. జిల్లాలోను జేరియున్న యీ సీమ మెట్ట. వరిచేలు, కాలువలు, కొబ్బరితోఁటలు గల డెల్టాను జూచి “చిత్రమువలె నున్నది” యని లోకము మెచ్చును. మెట్టను జూచి యట్లనువా రరుదు. నల్లరేగడి, తుమ్మచెట్టు, సున్నపుఱాతి గుట్ట - ఇందుఁ జిత్రింపఁదగినదేమియు లేదని యా సీమవారే తఱచుగాఁ దలఁతురు. ఈ తలఁపు ప్రమాణమా, భ్రమయా యనునది తేలవలెను.

ఆంధ్రదేశపుఁ బ్రాచీనశిల్పములలోఁ గొన్ని యీ మెట్టలోనే పుట్టినవి. జగ్గయ్యపేటకుఁ బూర్వనామము బేతవోలు. వాసిరెడ్డి వేంకటాద్రినాయఁడు తన తండ్రియగు జగ్గయ్య పేర దీనిని బేటగా వెలయించెను. ఈ యూరిచెంత ధనంబోడను దిబ్బ కలదు. జేమ్స్ బర్జెస్ దొర 1882 ప్రాంతమున దీనిని బరిశోధించి బౌద్ధస్తూపమని ప్రకటించెను. అందలి ఫలకములు కొన్ని చెన్నపురి ప్రభుత్వ వస్తుప్రదర్శనశాలకుఁ జేరినవి. వానిలో సుప్రసిద్ధమైనది చక్రవర్తి ఫలకము. మాంధాతృ చక్రవర్తి కుడిచేయి పైకెత్తి నిలిచియుండును. చుట్టును జక్రము, గజము, అశ్వము, మణి, రాణి మున్నగు సప్తరత్నములు గలవు. పైనున్న మేఘములనుండి చదరపు నాణెములు వర్షించుచుండును.

మెట్టసీమలో మేఘము సామాన్యవస్తువు గాదు. నాగార్జునసాగరపు టెడమకాలువ నీరు కొన్ని పొలములకు వచ్చుచున్నను, తక్కిన పొలములకు వానయే యాధారము. అచటి కాఁపునకు వర్షమే ధనము. ఆ నేలనుండి వెలువడిన ఫలకమున మేఘము ధనమును గురియుట చూచినపుడు మనస్సు పులకించును. అయినను శిల్పి మేఘమును మేఘముకొఱకుఁ జెక్కలేదు. చక్రవర్తి యెట్టివాఁడనఁగా, మేఘములచేతఁ గూడ సేవింపఁబడువాఁడు - ఇదియే యచటి యర్థము. వ్యాకరణపరిభాషలోఁ జెప్పవలయునన్నచో, చక్రవర్తి విశేష్యము, మేఘము విశేషణము. విశేష్యము తొలఁగినచో విశేషణమునకు నిలువ నీడ లేదు.

అలంకారశాస్త్రము నీ మర్యాదనే యంగీకరించినది. రసమునకు నాయికానాయకులు ఆలంబనవిభావములు. చంద్రుఁడు, మలయానిలము, ఉద్యానము ఉద్దీపనవిభావములు. ఉద్దీపనము రసమును దీపింపఁజేయునే కాని దాని కాశ్రయము గాదు. ఇందుపై నొక పూర్వపక్షము పుట్టును. ప్రకృతి యచేతనము, అది యుద్దీపనమాత్రము, ఉద్దీపనము మాత్రమే గల చిత్రము వరుఁడు లేని పెండ్లిపందిరివంటిది, కాఁబట్టి ప్రకృతిచిత్రమున రసము లేదు, అని.

చిత్రశాస్త్రముకూడఁ బైకి నీ పక్షమునకే తోడ్పడుచున్నట్లు తోఁచును. విష్ణుధర్మోత్తరపురాణపుఁ దృతీయఖండములోని చిత్రసూత్రము ఆకాశమును, రాత్రిని, ఋతువులను జిత్రించు విధమును జెప్పినది. ఆకాశమును బక్షులతోను, వర్షర్తువును నీరుగల మేఘములతోను మెఱుపులతోను జూపవలయునని దాని శాసనము. ఇవి లక్షణములు. ఏ యాకాశమునకైనను జెల్లును. పదమున కర్థము జాతియని వాజప్యాయనుఁడును, వ్యక్తియని వ్యాడియు వాదించిరని మహాభాష్యమువలనఁ దెలియుచున్నది. చిత్రసూత్రము వాజప్యాయనుని పక్షము. అందలి యాకాశ మాకాశజాతి. నందిగామచెంత మునేటిపై నొకానొక కార్తికసాయంకాలమునఁ గనఁబడు నాకాశము, ఆ యొక్కటియే, అందుఁ జిక్కదు. ఆ యొక్కదానిని బట్టుకొనువాఁడు వ్యాడిపక్షమువాఁడు. ఆధునిక ప్రకృతిచిత్రకారుఁ డట్టివాఁడు.

తెలుఁగువారిలో నీ మార్పునకు ముందుగా నిలిచినవారిలో దామెర్ల రామారావు ముఖ్యుఁడు. 1897లో రాజమహేంద్రవరమునఁ బుట్టి, అచటి కళాశాలాధ్యక్షుఁడగు ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహమున బొంబాయి జె.జె. కళాశాలలోఁ జదివి, 1925లో నిరువదియెనిమిదేండ్లైన నిండకమునుపే యతఁడు మరణించెను. పురాణకథలను, స్త్రీరూపములను జిత్రించిన చేతితోనే గోదావరీతీర దృశ్యములనుగూడ నతఁడు చిత్రించెను. అందు గోదావరి, యొక కథకు వెనుక తెఱ కాదు; తానే కనఁబడుచున్నది.

ప్రకృతినే ప్రధానవిషయముగా వరించి, దానినిఁ గూర్చి వ్రాసి, చిత్రించి, జీవించిన తెలుఁగువాఁడు సూర్యదేవర సంజీవదేవ్. ఆయన 1914లో గుంటూరుజిల్లా తుమ్మపూడిలోఁ బుట్టి 1999లో గతించెను. తుమ్మపూడి కృష్ణకు దక్షిణతీరమునందలి డెల్టాగ్రామము. యౌవనమున నాయన హిమాలయప్రాంతములఁ జరించి, కులూ లోయలోని నగ్గర్ గ్రామమున నికొలస్ రోరిక్ కుటుంబమునకు సన్నిహితుఁ డయ్యెను. రోరిక్ (1874-1947) రష్యాదేశీయుఁడు. 1928 మొదలు నగ్గర్‌లో నివసించి హిమాలయశిఖరములను బహుసహస్రముఖములఁ జిత్రించినవాఁడు. అతని కొండలు నీలములు, ఊదాలు, కెంపులు. కొండయందు లేని రంగును దెచ్చి పూసెనని మొదటఁ దోఁచును. వేకువను గొండను జూచినవానికి, కొండకుఁ దనదైన స్థిరవర్ణ మొక్కటి లేదనియు, వెలుఁగే దానికి గడియగడియకు వర్ణమును దొడుగుచున్నదనియుఁ దెలియును.

సంజీవదేవ్ హిమాలయమున నిలిచిపోలేదు. తుమ్మపూడికి మరలి వచ్చి, జీవితశేషమంతయు నా పల్లెలోనే గడపెను. ఆయన స్వీయచరిత్రమగు “తెగిన జ్ఞాపకాలు” చదివినవారి కీ సంచారమును మరలుటయుఁ దెలియును. ఈ మరలుటయే యిచట ముఖ్యము. హిమాలయమును జూచినకన్ను పల్లెను దక్కువగాఁ జూడలేదు. చిత్రింపఁదగినది దూరదేశముననే యున్నదనుకొనువాఁడు తిరిగి రాఁడు. వచ్చినను గుంచె పట్టఁడు.

ఆయనకుఁ బ్రియమైన సాధనము పాస్టెల్. రంగుపొడిని సుద్దతోను, స్వల్పమైన జిగురుతోను గలిపి కడ్డీలుగాఁ జేయుదురు. గఱుకుకాగితముపై దానిని రుద్దినచో నీరు లేకయే వర్ణ మంటుకొనును. ఒకదానిపై నొకటి రుద్దినపుడు రెండును గలిసి మూఁడవ ఛాయ పుట్టును. వ్రేలితో నలిపినచో నంచులు కరఁగి, కొండ యెచట ముగిసినది, ఆకాశ మెచట మొదలైనది యను భేదము మృదువగును. గీఁత ప్రధానమైన మన ప్రాచీనపద్ధతిలో వస్తువును ముందు రేఖ బంధించును, పిదప వర్ణము నింపును. పాస్టెల్‌నందు వర్ణమే రేఖ. దూరమున్న గుట్ట, పొగమంచు, ప్రొద్దువాలినపుడు లేచు దుమ్ము - రేఖకు లొంగని వీనికి నిది తగిన సాధనము. ఈ కడ్డీలలోని సుద్దయు, జగ్గయ్యపేట గుట్టలలోని సున్నపురాయియుఁ బ్రధానద్రవ్యమున నొక్కటియే యనుటయు గమనింపఁదగినది.

ఇఁకఁ బూర్వపక్షమునకు సమాధానము. వర్ణమను శబ్దమునకు రంగనియు, అక్షరధ్వనియనియు రెండర్థములు. ఈ రెంటిని గలిపి విచారించినవాఁడు భర్తృహరి. వాక్యపదీయపు ద్వితీయకాండమునం దాయన చెప్పినదాని తాత్పర్యమిది: చిత్రము నిజమునకు నొక్కటియే, దానిని బోధించుటకై యిచట నీలము, అచటఁ బీతము అని విభజించి చెప్పుదుము, అట్లే వాక్యమును నొక్కటియే, దానిని బదములుగా విడఁదీయుట బోధనోపాయమాత్రము. అనఁగా ముందు వాక్యము, పిదపఁ బదము. ముందు చిత్రము, పిదప నందలి చెట్టును బుట్టయు.

ఈ దృష్టితోఁ జూచినచోఁ బ్రకృతిచిత్రమునకు విశేష్య మందలి చెట్టు గాదు, కొండయుఁ గాదు. ఆ చెట్టు, ఆ కొండ, ఆ గడియ వెలుఁగు కలిసి యైన యఖండదర్శనమే విశేష్యము. దానియందే ద్రష్టకు మనస్సు నిలుచును. కాఁబట్టి యదియే యాలంబనము. పెండ్లిపందిరి యుపమానము చెల్లదు. వరునికొఱకు వేసిన పందిరి వరుఁడు లేనిచో శూన్యమగును. ఆకాశము నెవ్వరి పెండ్లికొఱకును వేయలేదు.

ఈ మార్గమున మఱియొక యడుగు ముందునకుఁ బోయినవాఁడు ఎస్.వి. రామారావు. ఆయన 1936లోఁ గృష్ణాజిల్లా గుడివాడలోఁ బుట్టి, చెన్నపురి కళాశాలలోను, పిమ్మట లండనులోని స్లేడ్ కళాశాలలోను జదివి, అమెరికాలోని చికాగో ప్రాంతమున స్థిరపడెను. 2001లో భారతప్రభుత్వ మాయనకుఁ బద్మశ్రీ నొసఁగెను. ఆయన వస్తురూపమును దాదాపుగా విడిచి వర్ణసంయోగములనే చిత్రముగా నిలిపెను. అందుఁ జెట్టేది, నీరేది యని వెదకరాదు. పదవిభాగము చేయక వాక్యమును విన్నట్లు దానిని జూడవలెను.

ఇపుడు మెట్టసీమ ప్రశ్నకు మరలుదము. “తుమ్మచెట్టున నేమున్నది? ఱాతిగుట్టయం దేమున్నది?” అనువాఁడు వాక్యమును వినకమునుపే పదములను దూషించువాఁడు. చైత్రవైశాఖములలో మిరపకళ్ళములు చూడుఁడు. నల్లరేగడిమీఁద నెఱ్ఱని పరపు. దాని వెనుక బూడిదవన్నె గుట్ట. పైని నెండకు వెలవెలఁబోయిన యాకాశము. డెల్టాలో నెల్లెడల నున్న పచ్చదన మొక్క వర్ణము; మెట్టలోఁ గనఁబడునది వర్ణముల వివాదము. పత్తి విచ్చినపుడు నలుపుమీఁదఁ దెలుపు. ఫాల్గునమున మోదుగ పూచినచో నాకులేని కొమ్మమీఁద నిప్పు. వేసవిలో మునేటి యిసుక, అందు సన్నని నీటిజాడ. వేదాద్రిచెంతఁ గృష్ణ, ఱాళ్లనడుమ. వీనిలో నేదియు నొంటరిగా రమణీయమని పేరొందినది గాదు. అన్నియుఁ గలిసి పలుకు వాక్యము వినఁదగినది.

ఈ విచారము కాలహరణమునకుఁ గాదు. ఆ ప్రాంతపు గుట్టలు సున్నపుఱాతికి నిలయములు. సిమెంటు కర్మాగారములకు రాయి యచటినుండి త్రవ్వఁబడుచున్నది. ఇండ్లు కట్టుకొనుటకు సిమెంటు కావలెను. దానిఁ గాదనువాఁడు లేఁడు. కాని త్రవ్వఁబడిన గుట్ట మరల మొలవదు. చిత్రింపఁదగినదేమియు లేదని తలఁచు జనుల యెదుట నది తఱిఁగిపోయినచో, ఏమి పోయినదో చెప్పువాఁడుకూడ నుండఁడు. చూపు ముందు పోవును, వస్తువు పిదపఁ బోవును.

ధనంబోడు శాసనము లొక సంగతిని దెలుపుచున్నవి. ఇక్ష్వాకురాజగు మాఠరీపుత్ర వీరపురుషదత్తుని యిరువదవ రాజ్యసంవత్సరమున, సిద్ధార్థుఁడను నావేశని, వెలగిరి గ్రామమందలి మహాచైత్యపుఁ దూర్పుద్వారమున నైదు ఆయకస్తంభములను బ్రతిష్ఠించెను. ఆవేశని యనఁగాఁ బనివారిలోఁ బ్రముఖుఁడు. రాజుల పేరులు నిలుచు ఱాతిమీఁద నొక పనివాని పేరును నిలిచినది. ఆ ఱాతిని జూచి యిందుఁ జెక్కఁదగినదేమియు లేదని యతఁ డనుకొనలేదు. వెలగిరి నేలమీఁద నేఁడు పాఠశాలకుఁ బోవు బాలునిచేతికి నాలుగు రంగుకడ్డీలిచ్చి, మిరపకళ్ళమువైపు కూర్చుండఁబెట్టుట యంత పెద్దపని గాదు. “ఇం దెవ్వరున్నారు?” అని చూచువా రడిగినచో, ఆ బాలుఁడు తన యూరిపేరు చెప్పును.