సాదృశ్యవిచారము: ముద్రావాదోత్తర చిత్రకళ

ఐరోపాఖండపుఁ జిత్రకళాచరిత్రమునందుఁ 'బోస్ట్ ఇంప్రెషనిజ'మను పేరొకటి సుప్రసిద్ధమై యున్నది. ఇంప్రెషన్ అనఁగాఁ గనులకుఁ దత్క్షణము తోఁచిన ముద్ర. కావున నీ సంప్రదాయమును దెనుఁగున 'ముద్రావాదోత్తర'మని వ్యవహరింపవచ్చును. శబ్దవ్యుత్పత్తి నెఱిఁగినవారి కీ పేరు వినినతోడనే సందేహమొకటి కలుగును. ఉత్తరమనఁగాఁ దరువాతిది. ఒకదాని తరువాత వచ్చినదని చెప్పుట క్రమమును దెలుపునే కాని వస్తువుయొక్క లక్షణమును దెలుపదు. ఒక బాలునిఁ జూపి 'వీఁడు తండ్రి తరువాతివాఁ'డని చెప్పినచో వాని రూపము గాని గుణము గాని యెట్లు తెలియును?

ఈ పేరెట్లు పుట్టెనో తెలిసికొన్నచో సందేహము మఱికొంత బలపడును. 1910వ సంవత్సరము నవంబరు నెలలో లండను నగరమున గ్రాఫ్టన్ చిత్రశాలలో రోజర్ ఫ్రై యను విమర్శకుఁడు ఫ్రాన్సుదేశపుఁ గ్రొత్త చిత్రముల ప్రదర్శన మొకటి యేర్పఱచెను. దానికిఁ బేరు పెట్టవలసి వచ్చినపుడు ఆయన వేఱు పేరులను సూచించెననియు, అవి పత్రికవారికి నచ్చకపోఁగా విసిగి, 'ముద్రావాదుల తరువాతివారు గదా, అట్లే పిలువుఁ'డను తీరున ముగించెననియు, ఆ ప్రదర్శనకుఁ గార్యదర్శిగా నుండిన డెస్మండ్ మెకార్తీ తరువాత వ్రాసి యున్నాఁడు. ఆ పేరునకు ముఖ్యపాత్రులైన నలువురును నప్పటికే గతించి యుండిరి. వాన్ గోహ్ 1890లోను, సురా 1891లోను, గోగాఁ 1903లోను, సెజాన్ 1906లోను గాలధర్మము నొందిరి. తమ కట్టి పేరొకటి రాఁగలదని యెఱుఁగకయే వారు పోయిరి. వారు నలువు రొక్క గురుని శిష్యులు గారు. ఒక్క సిద్ధాంతమును జేపట్టినవారును గారు. కావున నీ శబ్దము రూఢమే కాని యౌగికము గాదు. రూఢశబ్దముల యర్థము ప్రయోగమువలననే తెలియవలెను. ఇచట ప్రయోగమనఁగా వారి చిత్రములే.

మన ప్రాచీనులు చిత్రమున కంగము లాఱని చెప్పిరి. కామసూత్రములకు జయమంగళ యను వ్యాఖ్యను రచించిన యశోధరుఁడు రూపభేదము, ప్రమాణము, భావము, లావణ్యయోజనము, సాదృశ్యము, వర్ణికాభంగమునని వానినిఁ బేర్కొనెను. ఇందు సాదృశ్య మాఱింటిలో నొకటి మాత్రమే. ఇటలీదేశమునఁ బదునైదవ శతాబ్దము మొదలుకొని యైరోపీయ చిత్రకారు లీ సాదృశ్యమునే ప్రధానముగాఁ జేసి, తక్కినవానిని దానికి లోఁబఱచిరి. 1435లో ఆల్బెర్టీ యను పండితుఁడు తన చిత్రకళాగ్రంథమునఁ బటమును దెఱచిన గవాక్షముతోఁ బోల్చెను. గవాక్షముగుండఁ జూచువాఁ డవతలి తోఁటనే చూచును గాని గాజును జూడఁడు. అట్లే చూపరికిఁ బటము పటమని తోఁపకుండుటయే చిత్రకారుని నేర్పని నాలుగువందల యేండ్లకుఁ బైఁగా నచట నమ్మఁబడెను. దూరపు వస్తువులను జిన్నవిగాఁ జూపు గీఁతల గణితమును, దేహమునకు ఘనత్వము నొసఁగు వెలుఁగునీడల కూర్పును నీ నమ్మకమునకు సాధనములైనవి.

1874లోఁ బారిస్ నగరమున మోనే మొదలగువారు ప్రదర్శన మొకటి జరిపిరి. అందు మోనే 'ముద్ర, సూర్యోదయము' అను పేరుతో నుంచిన చిత్రమును బట్టి యొక పత్రికారచయిత యెగతాళిగా వారికి ముద్రావాదులని పేరు పెట్టెను. వీరు సాదృశ్యమును ద్రోసివేసిరని కొందఱు తలంతురు. అది పొరపాటు. వీరు వస్తువుతోడి సాదృశ్యమును విడిచి కంటికిఁ దగిలిన వెలుఁగుతోడి సాదృశ్యమును బట్టిరి. గడ్డికుప్ప యొకటియే యైనను బ్రొద్దున నొకరంగు, సంజవేళ నొకరంగు, మంచునాఁ డింకొక రంగు. మోనే 1890, 1891 సంవత్సరములలో నట్టి కుప్పలనే మాటిమాటికిఁ జిత్రించెను. ఇది సాదృశ్యమును బరిత్యజించుట గాదు. దాని తుదియంచునకుఁ బోవుట. ఆ యంచునఁ జేరినవారి కొక చిక్కు గలిగెను. క్షణక్షణము మాఱు వెలుఁగునే పట్టఁబోయినచో నిలుకడ యెక్కడిది? చూచువాని హృదయమునకుఁ జోటెక్కడిది? ఈ రెండు ప్రశ్నలనుండియే ముద్రావాదోత్తరచిత్రములు పుట్టినవి.

మొదటి ప్రశ్నకుఁ జార్జ్ సురా శాస్త్రముచే నుత్తరమియ్యఁ జూచెను. గోబెలిన్ నేఁతశాలలో నద్దకపుఁ బనులకు నధికారియైన షెవ్రల్, ఒకదాని ప్రక్క నొకటి యుంచిన రంగులు పరస్పరము నెట్లు మార్చుకొనునో వివరించుచు 1839లో గ్రంథము ప్రకటించి యుండెను. దానిని మఱికొన్ని గ్రంథములను జదివి సురా రంగులను బలకమీఁదఁ గలుపక, చిన్నచిన్న బిందువులుగాఁ బటముపై నుంచి, చూపరి కంటియందే కలియునట్లు చేయఁబూనెను. 1886లో ముద్రావాదుల తుది ప్రదర్శనమున నుంచఁబడిన 'గ్రాండ్ జాట్ దీవియం దొక యాదివారము' అను పటము సుమారేడడుగుల యెత్తును బదియడుగుల వెడల్పును గలది. నది యొడ్డున విహరించు జనులందు శిలాప్రతిమలవలె నిలిచి యున్నారు. ఏండ్ల తరబడి చేయవలసిన పనిని మొదలిడి యాతఁడు ముప్పదియొకటవ యేఁటనే మరణించెను.

అదే ప్రశ్నకు సెజాన్ యిచ్చిన యుత్తరము వేఱు, అదియే లోఁతైనది. ఆతఁడు దక్షిణ ఫ్రాన్సునందలి ఎక్స్ పట్టణమున 1839లో జన్మించెను. ముద్రావాదుల ప్రథమ ప్రదర్శనమునఁ దానును బాల్గొని, తరువాత నగరమును వదలి పుట్టినయూరి కొండను, బల్లమీఁది పండ్లను, ఇంటివారిని జిత్రించుచు గాలము గడపెను. ఆతఁడు 1893 ప్రాంతమునఁ జిత్రించిన యాపిలుపండ్ల బుట్ట షికాగో చిత్రశాలలో నున్నది. దానిని జూచినవాఁడు మొదట నాతనికిఁ జేయి తిరుగలేదని తలంచును. సీసా యొకవైపున కొరిగి యున్నది. బుట్ట ముందునకు వ్రాలినది. గుడ్డ క్రిందుగాఁ బోయిన బల్లయంచు ఎడమనుండి సాఁగివచ్చి కుడివైపు యంచుతోఁ గలియదు. గణితమునుబట్టి యిది తప్పు. కాని యా తప్పును దిద్ది, సీసాను నిలువుగాఁ బెట్టి, యంచులను గలిపినచోఁ జిత్రము చెడును, పండ్లు జాఱిపడునట్లుండును. ఒక్కొక్క వస్తువు దాని చుట్టునున్న వస్తువుల యాకాంక్షనుబట్టి స్థానమును, వంపును, రంగును బొందినది. విడిపదములకుఁ గోశములోఁ గల యర్థము వాక్యమునఁ జేరినపు డాకాంక్షాసన్నిధులచే నియమింపఁబడునట్లే, యిచటఁ బండునకుఁ దోఁటలోఁ గల రూపము పటములోని యన్వయముచే నియమింపఁబడినది.

ఇది యాతనికి లీలగా లభించినది గాదు. చిత్రవర్తకుఁడగు వొల్లార్ 1899లోఁ దన ప్రతిమను వ్రాయించుకొనుటకు నూటపదునైదు పర్యాయములు కదలక కూరుచుంటినని తన గ్రంథమునఁ జెప్పికొన్నాఁడు. అంతటితోను బటము ముగియలేదు. చేతులయందు రెండు చిన్న చోట్లకు రంగు పడలేదు. వానినేల విడిచితివని వొల్లార్ అడుగఁగా, తగని రంగును వేసినచో నచటినుండి పటమంతయు మఱల వ్రాయవలసి వచ్చునని సెజాన్ సమాధానమిచ్చెనఁట! సూత్రమున నర్ధమాత్ర తగ్గించుటకై శ్రమించిన వైయాకరణుల కీ మాట వింతగాఁ దోఁపదు. వొల్లార్ మాత్రము మాఱు పలుకక యూరకుండెను.

ఇఁక రెండవ ప్రశ్న, చూచువాని హృదయమునుగూర్చినది. దానికి గోగాఁయును వాన్ గోహును వేర్వేఱుగా నుత్తరము వెదకిరి. గోగాఁ మొదట స్టాకుల వ్యాపారమున నుండి, దానిని విడిచి కళను జేపట్టెను. 1888లో బ్రిటనీసీమయం దాతఁడు వ్రాసిన 'ధర్మోపన్యాసానంతరదర్శన'మను పటమునఁ దెల్లని టోపీలు ధరించిన పల్లెపడఁతులు దేవాలయమునందు వినిన కథను మనసునఁ గాంచుచున్నారు. యాకోబు దేవదూతతోఁ బెనఁగులాడుచున్నాఁడు. నేల యంతయు నెఱుపు. అట్టి నేల బ్రిటనీలో లేదు, మఱెచ్చటను లేదు. ఆ పడఁతులున్న లోకమును, వారు కాంచు లోకమును నడ్డముగా సాఁగిన చెట్టుమ్రాను వేఱుచేయుచున్నది. ఎఱుపు నేలకు గుణము గాదు, భక్తురాండ్ర చిత్తస్థితికి వ్యంజకము. రంగునకు వాచ్యార్థమే కాక వ్యంగ్యార్థమును గలదని యాలంకారికులకుఁ జెప్పనక్కఱలేదు కాని, నాఁటి పారిస్ పండితుల కిది క్రొత్త.

వాన్ గోహ్ హాలండుదేశీయుఁడు. ఇరువదియేడేండ్ల ప్రాయమునఁ గాని చిత్రకళనే వృత్తిగాఁ గైకొనలేదు. ముప్పదియేడవ యేఁట గతించెను. 1888 సెప్టెంబరులో ఆర్ల్ పట్టణమున నాతఁడు రాత్రివేళఁ దెఱచియుండు కాఫీయంగడి నొకదానిని జిత్రించెను. గోడలు నెత్తురువలె నెఱ్ఱనివి, పైకప్పు పచ్చనిది, దీపములు పసుపు. ఎఱుపు పచ్చల పోరుచే మనుష్యుని భయంకరవికారములను దెలుపఁ బ్రయత్నించితినని తమ్మునికి వ్రాసెను. ఆ యక్టోబరులోనే గోగాఁ యాతని యింటికి వచ్చి చేరెను. ఇరువురును రెండునెలలు కలిసి పని చేసిరి. ఈ సహవాసము ముగిసిన తీరును, వాన్ గోహ్ తన చెవిని గోసికొనుటయుఁ బలువురు కథలుగాఁ జెప్పుదురు. విచారింపఁదగినది యా యుదంతము గాదు, వారి వాదము. గోగాఁ 'ఎదుటి వస్తువును జూచి వ్రాయకుము, స్మృతినుండి వ్రాయు'మనెను. వాన్ గోహ్ కొంతకాలము వినెను. తల్లిదండ్రు లుండిన ఎట్టెన్ గ్రామపుఁ దోఁటను దలంచుకొని యొక పటమును వ్రాసెను. తరువాత నా మార్గమును విడిచెను. 1889లో మిత్రుఁడగు బెర్నార్‌కు వ్రాసిన యుత్తరమునఁ గేవలోహ మోహకరమైనదే యైనను, తుదకుఁ ద్రోవ గోడకుఁ దగులునను భావమును దెలిపెను. మితిమీఱిన పెద్దచుక్కలకుఁ జేయి సాఁచి మఱల విఫలుఁడనైతినని యందే విచారించెను. అవి యా సంవత్సరము జూనులో వ్రాసిన 'నక్షత్రరాత్రి' చుక్కలని తలంపవచ్చును. ఆతఁడు తప్పని తలంచిన దానినే నేఁడు న్యూయార్కు నగరమున లోకము గుంపులుగాఁ గూడి చూచుచున్నది.

ఈ వాదమువలన నొక సంగతి తేటపడుచున్నది. ముద్రావాదోత్తరులు ప్రకృతిని నిరాకరించిరనుట సరిగాదు. వాన్ గోహ్ పొలమున నిలువక వ్రాయఁజాలఁడు. సెజాన్ కొండను జూడక కుంచె నెత్తఁడు. వారందఱును జేసిన దొక్కటి: సాదృశ్యమును బ్రధానస్థానమునుండి తొలఁగించి యుపసర్జనముగాఁ జేసిరి. కూర్పును, భావమును, వర్ణమును బ్రధానము లాయెను. దీనిని మొదట లక్షణముగాఁ జెప్పినవాఁడు మోరిస్ దెనీ. ఇరువదియేండ్లు నిండని యీ చిత్రకారుఁడు 1890లోఁ బ్రకటించిన వ్యాసమునఁ జిత్రము యుద్ధాశ్వమో మఱియొకటియో యగుటకు ముందు ఒకానొక క్రమమున రంగులు పూయఁబడిన సమతలమని నిర్వచించెను. గవాక్ష మంతటితో మూయఁబడెను. చూపరి గాజునే చూడ మొదలిడెను.

తరువాతి చరిత్ర వడిగా నడచినది. 1905లో మతీస్ మున్నగువారి పటములందు రంగు వస్తువునుండి విడివడెను. వారిని 'వన్యమృగము'లని విమర్శకు లనిరి. 1907లోఁ బారిస్‌నందు శరత్కాలప్రదర్శనమున సెజాన్ చిత్రము లేఁబదియాఱు ప్రదర్శింపఁబడెను. ఆ యేఁడే పికాసో 'అవిన్యోఁ యువతులు' అను పటమును వ్రాసెను. మఱుసటి యేఁడు బ్రాక్ వ్రాసిన యిండ్లను జూచి వోక్సెల్ యను విమర్శకుఁడు ఘనములని పరిహసింపఁగా, ఘనవాదమను పేరు నిలిచెను. జర్మనీలో యువకులు వాన్ గోహు రంగులను జూచి యుద్రిక్తభావచిత్రణమున కుద్యమించిరి. 1911 ముగియులోపలఁ గాండిన్‌స్కీ వస్తువే యక్కఱలేని చిత్రమునుగూర్చి గ్రంథమును వెలువరించెను. ఉపసర్జనమైన సాదృశ్యము క్రమముగా లోపించినదన్నమాట.

లండనునందలి ప్రదర్శనమును జూచి యనేకులు నవ్విరి, కొందఱు కోపించిరి, గీఁత రానివారి పిచ్చిపనులనిరి. ఈ యాక్షేపమును హాస్యమని త్రోసివేయరాదు. సాదృశ్యము ప్రధానమై యున్నంతకాలము సామాన్యజనునిచేత నొక కొలఁత యుండెను: ముక్కు ముక్కువలె నున్నదా? ఈ చిత్రకారు లా కొలఁతను లాగికొనిరి. దానికి బదులుగా నిచ్చిన కొలఁత, అనఁగా నంగముల పరస్పరాన్వయము, శిక్షితమైన కంటికే యందునది. అందువలన నిజముగా గీఁత రానివారును, ఆ మఱుఁగునఁ బండితులై చెల్లుచున్నారనుట యసత్యము గాదు. కాని యా దోషమును సెజాన్‌పై నారోపించుట, అపశబ్దములు వాడువాని దోషమును వ్యాకరణకర్తపై నారోపించుట వంటిది. నూటపదునైదు దినములు కూర్చుండఁబెట్టి రెండు చోట్లు విడిచిన వానికి నియమము లేదనుట యెట్లు?

'ఇది యంతయు మన షడంగములలోనే కలదు, వారు క్రొత్తగాఁ గనుఁగొన్న దేమి?' యని యింకొక వాదము వినవచ్చుచుండును. ఇదియును దొందరపాటే. వీరు యశోధరునిఁ జదివి మాఱినవారు గారు. ప్రాచ్యదేశములనుండి వీరికిఁ దగిలిన ప్రేరణ ప్రత్యక్షమైనది వేఱు. వాన్ గోహ్ జపానుదేశపుఁ జెక్కయచ్చు చిత్రములను సంపాదించి, 1887లో హిరోషిగే చిత్రములను జూచి తైలవర్ణములతో వ్రాసెను. గోగాఁ జావాద్వీపమునందలి బొరొబుదూరు స్తూపశిల్పముల ఛాయాచిత్రములను దనవెంట తాహితిద్వీపమునకుఁ గొనిపోయెను. 1891లో నచట వ్రాసిన మరియమాత పటమునఁ జేతులు మోడ్చిన స్త్రీలు బౌద్ధశిల్పమునందలి భంగిమలనే ధరించి నిలిచిరి. సంబంధ మింతమాత్రము ఋజువగుచున్నది. దీనికి మించి చెప్పుట యభిమానము.

1899లో మతీస్ మిక్కిలి బీదతనమున నుండియు, వొల్లార్ వద్ద సెజాన్ వ్రాసిన 'స్నానమాడు మువ్వురు స్త్రీలు' అను చిన్నపటమును గొనెను. ముప్పదియేడేండ్లు దానిని దనకడ నుంచుకొని, 1936లోఁ బారిస్ నగరమునందలి యొక ప్రదర్శనశాలకు దానముగా నిచ్చెను. ఇచ్చునపుడు వ్రాసిన యుత్తరమున, ఇన్నియేండ్లలో నా పటమును బాగుగానే యెఱిఁగితిననియు, పూర్తిగా నెఱుఁగలేదనియుఁ దెలిపెను.