9.79కీ 9.79కీ తేడా ఎంత?

2024 ఆగస్టు 4 రాత్రి పారిస్‌లో జరిగిన పురుషుల 100 మీటర్ల ఫైనల్ ఫలితాలు చూస్తే అమెరికాకు చెందిన నోవా లైల్స్ పేరు పక్కన 9.79 సెకన్లు అని ఉంటుంది. జమైకాకు చెందిన కిషేన్ థామ్సన్ పేరు పక్కన కూడా 9.79 అనే ఉంటుంది. ఒకరికి స్వర్ణం, ఇంకొకరికి రజతం. తేడా తెలియాలంటే మూడో దశాంశ స్థానం దాకా వెళ్లాలి. లైల్స్‌ది 9.784, థామ్సన్‌ది 9.789. బళ్లో నేర్పిన లెక్క ప్రకారమైతే లైల్స్‌కు 9.78 రావాలి కదా? అథ్లెటిక్స్‌లో అలా కుదరదు. వెయ్యో వంతులో సున్నా కాని ఏ అంకె ఉన్నా పై నూరో వంతుకే సవరిస్తారు, ఆటగాడికి అనుకూలంగా ఎప్పుడూ తగ్గించరు.

5 మిల్లీసెకన్లంటే ఎంత దూరం? చివర్లో వాళ్ల వేగం సెకనుకు సుమారు 11 మీటర్లనుకుంటే ఐదున్నర సెంటీమీటర్లు. ముగింపు గీత దగ్గరున్న కెమెరా సెకనుకు 40,000 చిత్రాలు తీస్తుంది కాబట్టి ఆ కాస్త వ్యవధిలో 200 చిత్రాలు పడతాయి. నిర్ణేతలు వాటిలో చూసేది మొండేన్నే. తల, చేయి, కాలు ముందు గీత దాటినా లెక్కలోకి రావు.

తుపాకీ మోతకు స్పందించడంలో థామ్సనే కాస్త ముందున్నాడు. అతనికి 0.176 సెకన్లు పడితే లైల్స్‌కు 0.178 పట్టింది. ఆ సమయాన్ని తీసేసి ఒట్టి పరుగునే కొలిస్తే తేడా 5 నుంచి 7 మిల్లీసెకన్లకు పెరుగుతుంది. ఆ రేసులో ఎనిమిదో స్థానంలో వచ్చిన ఆబ్లిక్ సెవిల్ కూడా 9.91లో ముగించాడు. ఎనిమిది మందీ పది సెకన్లలోపే. గాలి వేగం నిబంధనకు లోబడిన రేసులో అంతకు ముందెన్నడూ అలా జరగలేదు.

ఆ ఏడాది ఫలితాలను అంకెల వెంట తిరగేస్తుంటే నన్ను ఆపింది వేగమో బలమో కాదు, దేన్ని కొలవాలో ముందే రాసిపెట్టుకున్న నిబంధనలు.

ఆగస్టు 11న ఒలింపిక్స్ చివరి పతకం మహిళల బాస్కెట్‌బాల్‌లో తేలింది. అమెరికా 67, ఫ్రాన్స్ 66. ఆఖరి క్షణంలో ఫ్రాన్స్ క్రీడాకారిణి గాబీ విలియమ్స్ వేసిన బంతి బుట్టలో పడింది, కానీ ఆమె పాదం మూడు పాయింట్ల గీతను తాకి ఉంది. అందుకే రెండే ఇచ్చారు. మూడు ఇచ్చి ఉంటే స్కోరు సమమై అదనపు సమయం ఆడాల్సి వచ్చేది. అమెరికా ఓడితే? చైనాకు అప్పటికే 40 స్వర్ణాలున్నాయి, అమెరికాకు 39. ఈ గెలుపుతోనే అమెరికా కూడా 40కి చేరి, రజతాల సంఖ్యలో 44-27 తేడాతో పట్టికలో పైన నిలిచింది. రెండు మహా దేశాల పోటీ ఒక బూటు కొస దగ్గరికొచ్చి ఆగింది!

అంతకు ఆరు వారాల ముందు, జూన్ 29న, బ్రిడ్జ్‌టౌన్‌లో మన ఊపిరి బిగబట్టించినదీ పాదమే. టీ20 ప్రపంచకప్ ఫైనల్ చివరి ఓవర్లో దక్షిణాఫ్రికాకు 16 పరుగులు కావాలి. మొదటి బంతికే ఆ జట్టు బ్యాటర్ మిల్లర్ కొట్టిన షాట్‌ను భారత ఫీల్డర్ సూర్యకుమార్ బౌండరీ తాడు దగ్గర పట్టి, లోపలికి ఎగరేసి, బయటకెళ్లి మళ్లీ వచ్చి అందుకున్నాడు. బంతి చేతిలో ఉండగా తాడు తగిలి ఉంటే ఆరు పరుగులు, ఇంకా 5 బంతులకు 10. భారత్ 7 పరుగులతో నెగ్గింది.

మళ్లీ పారిస్ ఒలింపిక్స్‌కొస్తే, మన కుస్తీ క్రీడాకారిణి వినేశ్ ఫోగాట్ విషయంలో మాత్రం నిబంధన నాకు నేటికీ మింగుడుపడదు. 50 కిలోల విభాగంలో ఆమె తొలి బౌట్‌లోనే, అంతర్జాతీయ పోటీల్లో అప్పటివరకు ఓటమెరగని జపాన్ కుస్తీవీరురాలు యుయి సుసాకిని ఓడించి, అదే రోజు ఫైనల్ చేరింది. మర్నాడు ఆగస్టు 7 ఉదయం తూకంలో 100 గ్రాములు ఎక్కువ. అంటే 0.2 శాతం. రెండో రోజు తూకం తప్పితే ఫైనల్ ఒక్కటే పోదు, ముందురోజు గెలిచిన బౌట్లన్నీ రద్దై చివరి స్థానం దక్కుతుంది. తూకం ఉండాల్సిందే, 100 గ్రాములకు మినహాయింపిస్తే రేపు 200 అడుగుతారు. కానీ సరైన బరువుతో గెలిచిన ముందురోజు బౌట్లను చెరిపేయడంలో న్యాయమేమిటి?

డిస్కస్‌లో ఇంకో వింత. లిథువేనియాకు చెందిన మికోలాస్ అలెక్నా ఏప్రిల్ 14న 74.35 మీటర్లు విసిరి, 1986 నుంచి కదలని 74.08 రికార్డును చెరిపేశాడు. జరిగింది అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో, రమోనా అనే చిన్న ఊళ్లో. అక్కడ గాలి బలంగా వీస్తుంది, సరైన కోణంలో వచ్చే ఎదురుగాలి డిస్క్‌ను పైకి మోసుకుపోతుంది. 100 మీటర్ల పరుగులో వెనుక గాలి సెకనుకు 2 మీటర్లు దాటితే రికార్డు చెల్లదు. డిస్కస్‌కు ఆ హద్దే లేదు. అదే అలెక్నా పారిస్ స్టేడియంలో విసిరింది 69.97. జమైకా వీరుడు రోజే స్టోనా సరిగ్గా 70.00 విసిరి, 3 సెంటీమీటర్లతో స్వర్ణం పట్టుకెళ్లాడు.

మన వరంగల్ జిల్లా అమ్మాయి జీవంజి దీప్తి సంగతీ కాస్త ఇలాంటిదే. మే నెలలో జపాన్‌లోని కోబేలో పారా ప్రపంచ చాంపియన్‌షిప్స్‌లో మేధో వైకల్యం ఉన్నవారి టీ20 విభాగం 400 మీటర్లను 55.07 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డు సృష్టించింది. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో ఆమెది 55.82, కాంస్యం. స్వర్ణం గెలిచిన ఉక్రెయిన్ క్రీడాకారిణి సమయం 55.16. మే నెల పరుగే మళ్లీ పరిగెత్తి ఉంటే మొదటి స్థానం ఆమెదే. అయినా పారాలింపిక్స్ పతకం చిన్నదేం కాదు.

పోల్‌వాల్ట్‌లో మోండో డుప్లాంటిస్‌ది ఈ లెక్కలన్నిటికీ తలకిందుల వ్యవహారం. పారిస్‌లో రెండో స్థానం 5.95 మీటర్లు, అతనిది 6.25. ప్రత్యర్థి మీద 30 సెంటీమీటర్లు పైచేయి, తన పాత రికార్డు మీద మాత్రం ఒక్కటే. మూడు వారాలకే పోలండ్‌లో 6.26. ప్రపంచ రికార్డు బద్దలైన ప్రతిసారీ బోనస్ దక్కే ఆటలో ఒకేసారి ఐదు పెంచేవాడు అమాయకుడు.

ఇక అక్టోబరు 13న చికాగో మారథాన్‌లో కెన్యాకు చెందిన రూత్ చెప్‌న్‌గెటిచ్ 2 గంటల 9 నిమిషాల 56 సెకన్లలో పరుగు ముగించింది. 2:10 లోపు వచ్చిన తొలి మహిళ ఆమే, పాత రికార్డు ఏకంగా 1 నిమిషం 57 సెకన్లు వెనక్కి పోయింది. 2025లో డోపింగ్ కేసులో ఆమె మీద మూడేళ్ల నిషేధం పడింది. పట్టుబడిన నమూనా 2025 మార్చి 14 నాటిది, అందుకే ఆ తేదీ తర్వాతి ఫలితాలే రద్దయ్యాయి. చికాగో పరుగు అంతకు ఐదు నెలల ముందుది కావడంతో రికార్డు చెక్కుచెదరలేదు.